భ్రమరమును కీటమును



మన యిండ్లలో చూరుక్రిందను, దూలముల ప్రక్కలను, గోడమూలలను మట్టితో కట్టిన చిన్న చిన్న బుడ్లు కానవచ్చుచుండును. కందిరీగ జాతి పురుగొకటి వానిని కట్టును. అది పచ్చని గొంగళి నొకదానిని కాళ్లతో పట్టుకొని వచ్చి ఆ బుడ్డిలో దూర్చుటయు, మూతిని మట్టితో మూసిపోవుటయు, కొన్ని దినములకు ఆ బుడ్డిని తొలుచుకొని కందిరీగ బయటకు వచ్చుటయు మీలో పెక్కుమంది చూచియుందురు. లోనికి పోయినది పురుగు. వెలికి వచ్చినది కందిరీగ. ఈ రెంటిని ముడివేసి మనవారు భ్రమరకీటన్యాయమనిరి. తుమ్మెద ఝుంకారము చేయుచు పురుగును పొడుచుచుండునట. పురుగు ఆ భయముచేత తుమ్మెదనే ధ్యానించి ధ్యానించి తుదకు తానే తుమ్మెద యగునట. పురాణశ్రవణమునకు పోయినవారిలో ఈ మాట విననివారుండరు.

ఆ బుడ్డిలోపల నిజముగ జరుగునదేమి, అట్టిదే మన చేలలో మనకు తెలియకుండ ఎట్లు జరుగుచున్నది అను సంగతిని నేడు మీతో ముచ్చటింపదలచితిని. వేదాంతమును ఖండించుట నా యుద్దేశము కాదు. శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తన 24 గురువులను వర్ణించుచు ఈ పురుగును కూడ వారిలో చేర్చినాడు. అక్కడ దాని పేరు పేశస్కృత్తు. రూపమును తీర్చునది యని అర్థము. స్నేహముచేత గాని, ద్వేషముచేత గాని, భయముచేత గాని మనస్సు దేనియందు గట్టిగ నిలుచునో దాని సారూప్యమును పొందునని అక్కడి తాత్పర్యము. పైగా పురుగు తన పూర్వరూపమును విడువకయే ఆ సామ్యమును పొందునని కూడ అక్కడనే చెప్పబడినది. కనుక ఆ ఉపమానము మనస్సును గూర్చినది గాని పురుగుల పుట్టుకను గూర్చినది కాదు. స్థాలీపులాకన్యాయము చెప్పిన శాస్త్రకారుడు అన్నము వండుట నేర్పుటకు చెప్పలేదు గదా!

పేరును గూర్చి యొక మాట. భ్రమరమనగా తుమ్మెద. పూలలో తేనె త్రాగి, ఎండిన దూలములను తొలిచి కాపురముండు నల్లని తుమ్మెదకును ఈ మట్టిపనికిని ఏ సంబంధమును లేదు. అది తన పిల్లలకు పుప్పొడియు తేనెయు పెట్టును, పురుగును ముట్టదు. మట్టిబుడ్డి కట్టునది సన్నని నడుముగల కందిరీగ. కావున నేనికమీద కందిరీగ అనియే చెప్పెదను.

ఆడ కందిరీగ మట్టిని తడిపి పెసరగింజంత ఉండచేసి నోట కరచుకొని వచ్చును. ఉండవెంబడి ఉండ తెచ్చి అంచుమీద అంచు పేర్చి, మెడను సన్నముగ తీర్చి, పెదవిని బయటకు మడిచి, బొటనవ్రేలి గోరంత చెంబును చేయును. సారె లేదు, చేతులు లేవు. నోరును ముందుకాళ్లును చాలును. మట్టిపని చేయు కందిరీగలు తడిమట్టిని అదుముచున్నప్పుడు సన్నని ఝుంకారము వినబడుచుండును. మంత్రోపదేశమని మనవారు తలచిన ధ్వని బహుశః ఇదియే. దేహమును అదరించి మట్టిని మెత్తపఱచుకొనుచున్న మేస్త్రీ చప్పుడది.

చెంబు పూర్తియైన పిమ్మట, ఒక్క పురుగునైనను తేకముందే, కందిరీగ తన తోకను మూతిలోనికి దూర్చి లోపలి కప్పునుండి సన్నని దారముతో ఒక గ్రుడ్డును వ్రేలాడగట్టును. ఉట్టిమీద పాలకుండను పెట్టినట్లే యనుకొనుడు. కంటికానని సంగతి యిదియే. చూచువారు పురుగును తెచ్చుట చూతురు, మూతి మూయుట చూతురు. గ్రుడ్డు పెట్టుట చూడరు. ఆ తరువాతనే వేట. దొరకిన గొంగళుల పరిమాణమునుబట్టి అయిదాఱు మొదలు పదునైదు వఱకు తెచ్చి కుక్కి, మూతి మూసి, ఆ బుడ్డిని మఱల తలచక వెడలిపోవును.

శ్రద్ధగలవారు క్రొత్తగ మూసిన బుడ్డి నొకదానిని మఱునాడు కొనగోటితో మెల్లగ తెఱచి చూడవచ్చును. నేనట్లు తెఱచిన వానిలో ఒకదానియందు తొమ్మిది గొంగళులుండెను. అవి కుళ్లలేదు, ఎండలేదు. సూదిమొనతో తాకినప్పుడు దవడలాడినవి, తోక కదలినది; నడచుట మాత్రము లేదు. గొంగళికి తలలోని మెదడు మాత్రమే కాక, కడుపుప్రక్కన తలనుండి తోకదాక పూసలదండవలె నాడీముడులుండును. కందిరీగ తన ముల్లును ఆ ముడుల దాపున గ్రుచ్చి విషమును విడుచును. అంతట కాళ్లుడుగును గాని ప్రాణము పోదు. ఇందలి యుక్తిని ఆలోచింపుడు. గొంగళి చచ్చినదైనచో మన వేసవిలో రెండు దినములకే కుళ్లును. పిల్ల కాహారము చెడును. సత్తువతో నున్నదైనచో దొర్లి సుకుమారమైన గ్రుడ్డును నలిపివేయును. చావునకును బ్రతుకునకును నడుమనున్న స్థితినే కందిరీగ కోరును. అందులకే గ్రుడ్డును నేలపై పెట్టక కప్పునుండి వ్రేలాడగట్టుట కూడను.

గ్రుడ్డు పగిలి పిల్లపురుగు వెలువడును. దారమునకు వ్రేలాడుచునే క్రిందనున్న గొంగళిని కొఱుకును; బలము వచ్చిన పిమ్మట క్రిందికి దిగి ఒక్కొక్కదానినే తినివేయును. తరువాత గూడల్లుకొని నిద్రించి, రెక్కలు వచ్చిన పిమ్మట గోడను తొలిచి వచ్చును. కాబట్టి కీటము భ్రమరము కాలేదు. భ్రమరపు బిడ్డ కీటమును తిని భ్రమరమైనది. ఇట్టి బుడ్లలోనే మఱియొక జాతివానిని తెఱచినచో గొంగళులకు మాఱుగ సాలెపురుగులుండును. ఏ జాతి కందిరీగకు ఏది యాహారమో అదియే తెచ్చును, రెంటిని కలుపదు.

ఈ రహస్యములను ఓర్పుతో కనిపెట్టి లోకమునకు రుచించునట్లు వ్రాసినవాడు ఫ్రాన్సుదేశస్థుడు జాన్ హెన్రీ ఫాబ్ర్. 1823లో పుట్టి 1915లో గతించెను. ఆయన కూడ బడిపంతులే. ఆ మాట చెప్పుకొనుటకు నాకు కొంత గర్వముగ నున్నది. చాలీచాలని జీతముతో ఏండ్లు గడిపి, 1879లో సెరిన్యాన్ అను పల్లెలో రాళ్లును ముండ్లును నిండిన బీడు నొకదానిని సంపాదించి, దానినే తన ప్రయోగశాలగ చేసికొనెను. ఆయన కీటకస్మృతులు 1879 మొదలు 1907 వఱకు పది సంపుటములుగ వెలువడినవి.

ఆయన చేసిన పరీక్షలలో ఒకటి చెప్పెదను. ఒక జాతి కందిరీగ ఇలకోడిని, అనగా కీచురాయిని, కుట్టి కదలకుండ చేసి తన కన్నమువఱకు ఈడ్చుకొని వచ్చును. వచ్చి దానిని గుమ్మమువద్ద విడిచి, తానొక్కతియే లోనికి పోయి చూచి వచ్చును. తరువాతనే వేటను లోనికి లాగును. అది లోపలనున్నప్పుడు ఫాబ్ర్ ఇలకోడిని కొంచెము దూరము జరిపెను. కందిరీగ వచ్చి వెదకి, మఱల గుమ్మమునకు ఈడ్చి, మఱల ఒంటిగ లోనికి పోయెను. ఆయన మఱల జరిపెను. 40 మార్లిట్లు జరిపినను అది 40 మార్లును లోనికి పోయి చూచియే వచ్చెనట. తెలివి కాదు, పుట్టుకతో వచ్చిన వాడుక యని ఫాబ్ర్ నిశ్చయించెను. కాని మఱియొక చోట అదే జాతివానియందు చూడగా, రెండు మూడు మార్లైన పిదప కందిరీగ మోసమును గ్రహించి, లోపల చూచుట మాని, ఇలకోడిని తిన్నగ లోనికి లాగికొనిపోయెను. దీనిని కూడ ఆయన దాచక వ్రాసెను. తన సిద్ధాంతమునకు అడ్డువచ్చినదానిని కూడ వ్రాసినందుననే నాకు ఆయనయందు గౌరవము హెచ్చినది.

కుట్టుటలో ఇంతకంటె చిత్రమైనది బొద్దింకను వేటాడు కందిరీగ. నెమలికంఠమువంటి నీలిపచ్చ వన్నెయు, నడిమికాళ్లకును వెనుకకాళ్లకును ఎఱ్ఱని తొడలును గల యీ పురుగు మన దేశముననున్నదే. బొద్దింక దీనికంటె చాల పెద్దది, ఈడ్చుకొనిపోవుట కష్టము. అందుచేత దీనిది వేఱుపాయము. మొదట బొద్దింక ఱొమ్మున కుట్టును. ముందుకాళ్లు కొన్ని నిమిషములు పడిపోవును. ఆ సందున తలలోనికి ముల్లును పోనిచ్చి, మెదడులో తగినచోటు వెదకి రెండవమాఱు కుట్టును. పిమ్మట ముందుకాళ్లకు సత్తువ తిరిగి వచ్చును. బొద్దింక పారిపోవలసినది గదా! పాఱిపోదు. అరగంటసేపు తన దేహమును తానే తుడుచుకొనుచు నిలుచుండును. ఈలోపల కందిరీగ కన్నము చూచుకొని వచ్చి, బొద్దింక మీసములను సగమునకు కొఱికి, కారిన రసమును త్రాగి, మిగిలిన మీసమును నోట పట్టుకొని నడచును. ముకుత్రాడు పట్టిన రైతు వెంట ఎద్దు పోయినట్లు బొద్దింక తన కాళ్లతో తానే నడచి తన సమాధిలోనికి పోవును. కందిరీగ దాని కాలిపై ఒక గ్రుడ్డు పెట్టి, గులకఱాళ్లతో ద్వారము మూసిపోవును. మూడు దినములకు పిల్ల పుట్టి, కొంతకాలము పైనుండి త్రాగి, తరువాత దేహములోనికి దూరి, అక్కడనే గూడు కట్టుకొని, సుమారాఱు వారములకు రెక్కలతో వెలువడును.

ఇజ్రాయెలు దేశమున బెన్ గురియన్ విశ్వవిద్యాలయములోని లిబర్సాట్ అను పండితుడును ఆయన తోడివారును దీనిని చాల ఏండ్లు శోధించిరి. కుట్టబడిన బొద్దింకకు కాళ్లలో లోపము లేదు. వెల్లకిల వేసినచో తిరిగి లేచును. పోయినదల్లా తనంతతాను నడక మొదలుపెట్టు బుద్ధి. దేహమున్నది, ప్రాణమున్నది, సంకల్పము లేదు! మన వేదాంతులు విన్నచో ఈ దృష్టాంతమును విడిచిపెట్టియుండరు. అన్ని బొద్దింకలును ఇట్లు లొంగవు. 2018లో అమెరికాలోని కెనెత్ కటానియా అను శాస్త్రజ్ఞుడు, ముందే పసికట్టిన బొద్దింక ముండ్లుగల వెనుకకాలితో కందిరీగ తలపై తన్ని తప్పించుకొనుటను వేగముగ తీసిన చలనచిత్రములలో చూపెను. 1941లో హవాయి ద్వీపములకు ఈ కందిరీగను బొద్దింకల నడచుటకై కొనిపోయిరి. అది అక్కడ నిలిచినది గాని, ఒక్కొక్క గ్రుడ్డుకు ఒక్కొక్క బొద్దింకను ఇంత శ్రమపడి తెచ్చునది యిల్లిల్లును ఊడ్చిపెట్టగలదా?

ఈ వర్తమానము విన్నవారికి హృదయము కలుక్కుమనును. బ్రతికియున్నదానిని లోపలనుండి తినుట! 1860లో డార్విన్ అమెరికాలోని తన మిత్రుడు ఏసా గ్రేకు వ్రాసిన లేఖలో, దయామయుడైన దేవుడు ఇట్టి కందిరీగలను బుద్ధిపూర్వకముగ సృజించెనని తన మనస్సు ఒప్పుకొనదని వ్రాసికొనెను. జీవికి జీవియే యాహారమని చెప్పి మన పెద్దలు ఈ ప్రశ్నను దాటిరి. నేను దీనిని తీర్చజాలను. పైరుకు మాత్రము ఈ క్రూరత్వము రక్ష యని చెప్పగలను.

తెలంగాణమున ఆముదము పండించువారికి దాసరిపురుగు తెలియనిది కాదు. ఆకుల ఈనెలు మాత్రము మిగిల్చి చేనును నమలివేయును. ఈ పురుగు పిన్నదైనప్పుడే ఒక చిన్న నల్లని కందిరీగ దాని దేహములోనికి గ్రుడ్డును పొడుచును. ఇక్కడ బుడ్డి లేదు. పురుగు దేహమే బుడ్డి. లోపల పెరిగిన పిల్ల వెలుపలికి వచ్చి, దాసరిపురుగు వెనుకభాగమున అంటుకొని చిన్న గూడు కట్టును. అట్టి పురుగు ఇక మేయదు. కొలది దినములకు చచ్చును. కొన్ని యితర పైరులలో గొంగళిమీద తెల్లని బియ్యపుగింజలవంటివి గుంపుగ నంటియుండును. అవి గొంగళి గ్రుడ్లని తలచి నలిపివేయువారిని నేను చూచితిని. గొంగళి గ్రుడ్లు పెట్టనే పెట్టదు. గ్రుడ్లు పెట్టునది రెక్కలు వచ్చిన తరువాతనే. ఆ తెల్లని గింజలు కందిరీగ గూళ్లు. వానిని నలిపినవాడు తన చేని కావలివానిని నలిపినవాడగును. ఆముదపుచేనులో ఇట్టి గూళ్లు గల పురుగులు తఱచుగ కనబడుచున్నప్పుడు మందు చల్లవద్దని వ్యవసాయశాఖవారు చెప్పుట ఇందులకే. మందు కొట్టినచో ఎట్లును చావనున్న పురుగుతోపాటు, రేపు వంద పురుగులను పొడువనున్న కందిరీగ కూడ పోవును.

బ్రెజిల్ దేశమున ఇట్టి గొంగళి నొకదానిని గూర్చి 2008లో ప్రకటించిన సంగతి వినదగినది. దాని దేహమునుండి సుమారు 80 కందిరీగ పిల్లలు తొలుచుకొని వచ్చి ప్రక్కనే గూళ్లు కట్టుకొనును. గొంగళి అప్పటికి చావదు. మేత మాని, ఆ గూళ్లమీద వంగి, తన పట్టుదారముతో వానిని కప్పి, కావలి కాయును. నల్లివంటి శత్రువు దాపునకు వచ్చినచో తలను కొరడావలె ఝళిపించి తఱిమివేయును. గూళ్లనుండి కందిరీగలు ఎగిరిపోవువేళకు అది చచ్చును. కావలి లేని గూళ్లలో ఇంచుమించు రెండింతలు నాశమైనవట. ఒకటి రెండు పిల్లలు గొంగళి లోపలనే నిలిచిపోయి దానినట్లు ఆడించుచుండవచ్చునని పరిశోధకుల ఊహ. తనను తిన్నవారి బిడ్డలను తానే కాపాడు ఈ పురుగును చూచియుండినచో, భయముచేత తన్మయత్వము పొందినదని మనవారు మఱింత గట్టిగ చెప్పియుందురు.

చెఱకులో పీకపురుగునకును, వరిలో మొవ్వుపురుగునకును ట్రైకోగ్రామా అట్టలు కట్టుట నేటి రైతులలో కొందఱు ఎఱుగుదురు. అదియు కందిరీగయే, మిల్లీమీటరు పొడవైనను లేదు. శత్రువు గ్రుడ్డులోనే తన గ్రుడ్డును పెట్టును. అట్టమీద నల్లబడిన చుక్కలన్నియు అట్టి గ్రుడ్లే. పురుగు పుట్టకముందే కథ ముగియును గనుక పైరుకు గాటైనను పడదు.

ఇక ఒక్క పెద్దకథ. గోదావరి జిల్లాలలో పెద్దాపురము, సామర్లకోట ప్రాంతములందు కఱ్ఱపెండలము పండించి సగ్గుబియ్యము చేయుదురు. మనకది వాణిజ్యపుపంట, ఆఫ్రికాలో అది అన్నము. సుమారు 20 కోట్ల జనులకు అదియే ముఖ్యాహారము. 1970 తరువాత కొలది యేండ్లలో కాంగో ప్రాంతమున ఆ పైరుమీద ఎన్నడు చూడని పిండినల్లి యొకటి కనబడెను. అది దక్షిణ అమెరికానుండి మొక్కల కఱ్ఱలతో వచ్చినది. కొనయాకులు ముద్దగ ముడుచుకొనిపోయెను, దుంప ఊరలేదు. కొన్ని చోట్ల పంటలో నూటికి 80 వంతులు పోయెను. దేశము వెంబడి దేశము పాకుచుండగా మందులు కొనజాలని బీదరైతులు పొలములను విడిచిరి. అమెరికాలో ఆ నల్లి ఎవరి కంటను పడనంత స్వల్పము; ఇక్కడ కఱవు తెచ్చినది. కారణమొక్కటే. పురుగు సముద్రము దాటి వచ్చినది, దాని కందిరీగ రాలేదు.

నైజీరియాదేశపు ఇబాడాన్ నగరమున అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ కలదు. అందులో హాన్స్ హెరెన్ అను స్విట్జర్లాండు యువకుడు దానికి ప్రతిక్రియ వెదకు పనిని చేపట్టెను. నల్లి పుట్టినిల్లు ఏదో ముందు తెలియవలెను. తెలిసినచో దాని శత్రువు అచ్చటనే యుండును. 1981లో పరాగ్వే దేశమున ఆ కందిరీగ దొరకెను. ఇతర పురుగులను కుట్టదని లండనులో పరీక్షించి ఇబాడానునకు తెచ్చి, పెంచి, ఆ సంవత్సరమే విడిచిరి. తరువాత విమానములనుండి కూడ చల్లిరి. ఇరువదికి పైగా దేశములలో అది నిలిచినది. నల్లి పూర్తిగ నశింపలేదు. పైరుకు చెఱుపు చేయనంతకు తగ్గినది. హెరెన్ గారికి 1995లో ప్రపంచ ఆహార బహుమానమిచ్చిరి.

ఆ నల్లియే 2020లో కేరళమున త్రిచూరు ప్రాంతమున కనబడి, తమిళదేశమునకు ప్రాకెను. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థవారు ఆఫ్రికాలోని బెనిన్ దేశమునుండి ఆ కందిరీగను తెప్పించి పెంచిరి. 2022 మార్చి నెలలో సేలము జిల్లా ఏతాపూరునందలి కఱ్ఱపెండలము, ఆముదము పరిశోధనస్థానమున మొదటిసారి వదలిరి.

పెండలపుచేలు గలవారు విని గుర్తుంచుకొనుటకు గుఱుతొకటి చెప్పి విరమించెదను. కొనయాకులు ముడుచుకొని లోపల తెల్లని పిండినల్లులు కనబడినచో ఒక కొమ్మను విఱిచి వెలుతురున పెట్టి చూడుడు. వానిలో కొన్ని ఉబ్బి, పిండి రాలి, గోధుమవన్నెకు తిరిగి గట్టిపడి, ఒక చివర సూదితో పొడిచినట్లు గుండ్రని రంధ్రము కలిగియున్నచో కందిరీగ మీ చేనికి వచ్చినదే. మందుడబ్బా మూత తీయకుడు. అట్టివి ఒక్కటియు లేనిచో ఆ కొమ్మను సంచిలో కట్టి, ముడి విప్పకుండ, వ్యవసాయాధికారికి చూపింపుడు.